టాపు తీస్తే కారు బరువెందుకు పెరుగుతుంది?

టోపీ తీసేస్తే మనిషి బరువు పెరగదు గదా! మరి టాపు లేని కారు, అదే మోడల్ టాపున్న కారు కంటే బరువుగా ఎందుకుంటుంది? మినీ కారునే చూడండి. దాని కన్వర్టిబుల్ సుమారు 100 కిలోలు ఎక్కువ తూగుతుంది.

ఈ ప్రశ్నకు జవాబు నాకు క్లాసులో కాదు, రాణీగంజ్‌లో దొరికింది. నేను చదువుకునే రోజుల్లో మా బాబాయి పెళ్ళి ఊరేగింపులకు అద్దెకు తిప్పుదామని ఒక పాత కారు కొని, ఒక షెడ్డులో టాపు కోయించాడు. "బరువు తగ్గిందిరా, పెట్రోలు కలిసొస్తుంది" అని సంబరపడ్డాడు. నలుగురం ఎక్కి కూర్చునేసరికి బండి నడుము వంగింది. మూసిన తలుపులు మళ్ళీ తెరుచుకోలేదు!

కారణం ఏమంటే, చాలా కార్లకు విడిగా ఛాసీ ఉండదు. నేల, పక్కలు, స్తంభాలు, టాపు అన్నీ వెల్డింగుతో కలిసి ఒకే పెట్టెగా బరువు మోస్తాయి. చెప్పుల అట్టపెట్టెకు మూత అంటించి మెలితిప్పండి, కదలదు. మూత తీసి తిప్పండి, చేతిలో వంకర్లు పోతుంది.

మెకానిక్సు చదివిన మిత్రులకు ఒక లెక్క చెబుతాను. 10 సెంటీమీటర్ల వ్యాసార్థం, 1 సెంటీమీటరు మందం గల గొట్టాన్ని నిలువునా ఒక్కచోట చీలిస్తే, మెలికను తట్టుకునే బిగువు సుమారు 300వ వంతుకు పడిపోతుంది. లోహం మాత్రం దాదాపు అంతే ఉంటుంది! పోయింది బరువు కాదు, ఆకారం.

టాపు రేకు బరువు కొద్దిపాటిదే, అది చేసే పని మాత్రం పెద్దది. ఎత్తున్న పెట్టెకు పలచని రేకుతోనే బిగువొస్తుంది. ఎత్తు లేని పళ్ళేనికి అంత బిగువు రావాలంటే లోహం ఎంతో ఎక్కించాలి. అందుకే తయారీదార్లు తలుపుల కింది దూలాలను బలపరుస్తారు, నేల కింద అడ్డపట్టీలు వేస్తారు. బండి బోల్తా కొడితే తలలు కాపాడాలి గనుక ముందద్దం చట్రంలోనూ సీట్ల వెనకా గట్టి ఉక్కు పెడతారు. వీటిపైన మడతపడే టాపు, దాని చట్రం, మోటార్లు. తీసేసింది తక్కువ, చేర్చింది ఎక్కువ.

"మరి జీపు సంగతేమిటి?" అని మీరడగవచ్చు. జీపుకు కింద విడిగా ఛాసీ ఉంది. చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాం గారి పాత రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కూడా అంతే. బరువు మోసేది ఛాసీ, బాడీ దానిమీద కూర్చుంటుందంతే. అటువంటి బండికి టాపు తీస్తే బరువు నిజంగానే తగ్గుతుంది.

బాబాయి కారు ఒక్క ఊరేగింపూ చూడకుండానే పాత ఇనుము కింద పోయింది. పెళ్ళివారిని ఎక్కించక ముందే లోపం బయటపడటం మా అదృష్టం. కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని ఇలా మార్చటం 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం నిషిద్ధం కూడా. కాబట్టి మిత్రులారా, ఏ భాగాన్నైనా కోసే ముందు అది ఎంత బరువుందని కాదు, ఎంత బరువు మోస్తున్నదని అడగండి.