ఫోన్ చేతికొచ్చింది, దాన్ని చదవడం ఎవరు నేర్పాలి?

సర్కారు బడి పాఠ్యపుస్తకం తెరిస్తే పాఠం పక్కన నలుపు తెలుపు గళ్ల చతురస్రం ఒకటి కనిపిస్తుంది. అది క్యూఆర్ కోడ్. ఫోన్‌తో స్కాన్ చేస్తే 2017లో మొదలైన కేంద్ర ప్రభుత్వ 'దీక్ష' వేదికలోని వీడియోనో, బొమ్మల పాఠమో తెరుచుకుంటుంది. పుస్తకం ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. ఆ కోడ్‌ను తెరిచే ఫోను, ఫోనులో డేటా, వీడియో చెప్పేదాన్ని పుస్తకంతో పోల్చి చూసే నేర్పు మాత్రం పిల్లలు ఇంటి నుంచే తెచ్చుకోవాలి. కూలికి పోయే తల్లిదండ్రుల ఇంట్లో ఒకే ఫోను ఉంటే, అది పగలంతా పొలంలోనో అడ్డా మీదో ఉంటుంది.

జాతీయ విద్యా విధానం 2020 వచ్చాక 'డిజిటల్ అక్షరాస్యత' అనే మాట ప్రతి ప్రభుత్వ ప్రకటనలోనూ వినిపిస్తోంది. దాని వెనకే 'మల్టీమోడల్ లిటరసీ' అనే మాట కూడా ఉపాధ్యాయ శిక్షణల్లోకి వచ్చింది. దళిత వాడల పిల్లలకు ఈ మాటల అర్థమేమిటి, ఇందులో మనకు దక్కాల్సింది ఏమిటి, మనం ఏం అడగాలి అన్నది ఈ వ్యాసంలో వివరంగా చూద్దాం.

అక్షరం ఒక్కటే కాదు

1994లో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో, న్యూ లండన్ అనే చిన్న పట్టణంలో పది మంది విద్యావేత్తలు సమావేశమయ్యారు. వాళ్ల చర్చల సారం 1996లో హార్వర్డ్ ఎడ్యుకేషనల్ రివ్యూ పత్రికలో వ్యాసంగా వచ్చింది. వాళ్లు చెప్పింది ఇదీ: మనుషులు అర్థాన్ని అక్షరాలతో మాత్రమే చెప్పుకోరు. బొమ్మతో, శబ్దంతో, సైగతో, వస్తువులను అమర్చే తీరుతో కూడా చెప్పుకుంటారు. కాబట్టి వీటన్నిటినీ చదవడం, వీటన్నిటితో రాయడం బడి నేర్పాలి. బహురూప అక్షరాస్యత అంటే ఇదే.

మన బతుకులోంచే ఒక ఉదాహరణ తీసుకుందాం. పురుగుమందు డబ్బా మీద వజ్రాకారపు గుర్తు ఒకటి ఉంటుంది. దాని కింది సగం ఎరుపు రంగులో ఉంటే అత్యంత విషపూరితం. పసుపు అయితే దాని తర్వాతి స్థాయి, నీలం అయితే మధ్యస్థం, ఆకుపచ్చ అయితే తక్కువ విషం. ఆ మందు కొట్టే కూలీల్లో మనవాళ్లు ఎంతమందో మనకు తెలుసు. డబ్బా మీది సన్నటి అక్షరాలు చదవలేకపోయినా ఆ రంగు చదవగలిగితే ప్రాణం నిలుస్తుంది. పదో తరగతి దాకా చదివిన పిల్లలకు ఈ గుర్తు గురించి ఎక్కడా చెప్పకపోతే, ఆ చదువు చేనుదాకా రాలేదన్నమాట.

డిజిటల్ అక్షరాస్యత దీనికి మరో మెట్టు. ఫోను నొక్కడం వస్తే సరిపోదు. వెతకడం, దొరికింది నిజమో కాదో తేల్చుకోవడం, తన సమాచారాన్ని కాపాడుకోవడం, తన మాటను తానే వీడియోగానో వ్యాసంగానో తయారు చేసి నలుగురికీ చేర్చడం, ఇవన్నీ కలిస్తేనే డిజిటల్ అక్షరాస్యత.

మన వాడలకు ఇది కొత్త కాదు

ఈ సిద్ధాంతం అమెరికా నుంచి వచ్చింది కదా అని మనకు కొత్త అనుకోనక్కర్లేదు. తెలంగాణలో డక్కలి కళాకారులు పటం విప్పి, అందులోని ఒక్కో బొమ్మను చూపిస్తూ, కిన్నెర మీటుతూ మాదిగలకు జాంబపురాణం చెబుతారు. బొమ్మ, పాట, మాట, సైగ నాలుగూ కలిస్తేనే ఆ కథ. చిందు యక్షగానంలో వేషం, అడుగు, రాగం కలిసి కథ నడుపుతాయి. డప్పు మీద దరువు మారితే అది చావుకో, పండుగకో, చాటింపుకో వాడలో పసిపిల్లలకు కూడా తెలుస్తుంది. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది.

మన ఉద్యమాలకు కూడా ఈ ఎరుక ఉంది. భాగ్యరెడ్డి వర్మ 1906లో హైదరాబాద్‌లో జగన్ మిత్ర మండలి పెట్టినప్పుడు హరికథలతో జనంలోకి వెళ్లాడు. చదువు రానివ్వని సమాజంలో అక్షరం ఒక్కటే నమ్ముకుంటే మాట జనానికి చేరదని ఆయనకు తెలుసు. అంబేద్కర్ 1920 జనవరి 31న 'మూక్‌నాయక్' పత్రిక మొదలుపెట్టింది కూడా మన గొంతు వినిపించే సాధనం మన చేతుల్లోనే ఉండాలనే. ఆ రోజున ఆ సాధనం అచ్చు యంత్రం. ఈ రోజున అది మన పిల్లల జేబుల్లోకి వచ్చిన ఫోను.

అందువల్ల మన పిల్లలు బడికి ఖాళీ చేతులతో రావడం లేదు. బొమ్మను, దరువును, సైగను చదవగలిగే తెలివితో వస్తున్నారు. బడి దాన్ని తెలివిగా లెక్కించదు. పలక మీద అక్షరం తప్పితే 'మొద్దు' అని ముద్ర వేస్తుంది. బహురూప అక్షరాస్యతను నిజాయితీగా అమలు చేస్తే మొదట మారాల్సింది ఈ చూపే.

లెక్కలు ఏం చెబుతున్నాయి

జాతీయ నమూనా సర్వే 75వ విడత 2017-18లో జరిగింది. గ్రామీణ కుటుంబాల్లో కంప్యూటర్ ఉన్నవి 4.4 శాతం, ఇంటర్నెట్ సదుపాయం ఉన్నవి 14.9 శాతం అని తేల్చింది. పట్టణాల్లో అవి 23.4, 42 శాతం. ఈ పరిస్థితిలోనే 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. తెలంగాణలో టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా, ఆంధ్రప్రదేశ్‌లో దూరదర్శన్ సప్తగిరి ద్వారా పాఠాలు ప్రసారం చేశారు. టీవీ ఉన్న ఇంటికి పాఠం వెళ్లింది. సందేహం అడగడానికి మాత్రం టీవీలో దారి లేదు.

బడుల సంగతి చూస్తే, యూడైస్ ప్లస్ ప్రకారం 2023-24లో దేశంలో 57.2 శాతం బడుల్లోనే పనిచేసే కంప్యూటర్లు ఉన్నాయి. ఇంటర్నెట్ ఉన్నవి 53.9 శాతం. 2024-25 నాటికి ఇవి 64.7, 63.5 శాతానికి పెరిగాయి. పెరిగిన మాట నిజమే. అయినా మూడింట ఒక వంతుకు పైగా బడుల్లో కంప్యూటర్ లేదు.

అసర్ 2024 నివేదికలో ఇంకో కోణం ఉంది. గ్రామాల్లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 82.2 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. సర్వేకు ముందు వారంలో చదువుకు సంబంధించిన పనికి వాడినవాళ్లు 57 శాతమైతే, సోషల్ మీడియాకు వాడినవాళ్లు 76 శాతం. ఫోను వాడటం తెలిసిన అబ్బాయిల్లో 36.2 శాతం మందికి సొంత ఫోను ఉంది. అమ్మాయిల్లో అది 26.9 శాతమే. పిల్లలు నొక్కడం తమంతట తామే నేర్చుకున్నారు. చదవడం, ప్రశ్నించడం ఎవరూ నేర్పలేదు.

పరికరం ఇస్తే పని అయిపోతుందా?

2022 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు ఇచ్చింది. వాటిలో బైజూస్ సంస్థ పాఠాలు నింపింది. ట్యాబ్ పట్టుకునే అవకాశమే లేని ఇళ్లలోకి అది వెళ్లడం చిన్న విషయం కాదు. 2024 జూలైలో ఆ సంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ప్రభుత్వ బడి పాఠం ఒక ప్రైవేటు కంపెనీ బతికి ఉండటం మీద ఆధారపడితే ఏమవుతుందన్న ప్రశ్న అప్పుడు ఎదురైంది.

కేరళ వేరే దారి పట్టింది. అక్కడ 2001లో మొదలైన ఐటీ ఎట్ స్కూల్ కార్యక్రమం 2017లో 'కైట్' అనే ప్రభుత్వ సంస్థగా మారింది. బడుల్లో లైసెన్సు రుసుము లేని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాడారు. ముందు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. 'లిటిల్ కైట్స్' క్లబ్బుల్లో పిల్లలు యానిమేషన్, మాతృభాషలో కంప్యూటర్ వాడకం నేర్చుకుంటారు. తప్పుడు వార్తలను గుర్తించడం మీద కూడా పిల్లలకు తరగతులు పెట్టారు. ఇంత చేసిన కేరళలోనే, 2020 జూన్ 1న ఆన్‌లైన్ తరగతులు మొదలైన రోజున, మలప్పురం జిల్లాలో ఒక దళిత విద్యార్థిని ప్రాణం తీసుకుంది. ఇంట్లో టీవీ పాడైందని, స్మార్ట్‌ఫోన్ లేదని పత్రికలు రాశాయి. రాష్ట్రం మొత్తానికి సగటు ఎంత బాగున్నా, వాడలోని చివరి ఇంటి దగ్గర లెక్క తప్పితే పోయేది మన పిల్లల ప్రాణమే.

ఈ నేర్పు లేకపోతే మనకు పోయేదేమిటి

మొదటిది అవకాశాలు. స్కాలర్‌షిప్ దరఖాస్తు, గురుకుల ప్రవేశం, కుల ధ్రువీకరణ పత్రం అన్నీ ఆన్‌లైన్‌లోకి వెళ్లాయి. పేరులో ఒక అక్షరం ఆధార్‌లో ఒకలా, మెమోలో ఒకలా ఉంటే దరఖాస్తు ఆగిపోతుంది. మీ సేవ కేంద్రంలో ఎవరో నింపిన ఫారంలో తప్పు ఉందని పిల్లలకు తెలిసేసరికి గడువు దాటిపోతుంది. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఆంధ్రప్రదేశ్‌లో 2017 నుంచి, తెలంగాణలో 2018 నుంచి కంప్యూటర్ మీదే జరుగుతోంది. మౌస్ పట్టుకోవడమే పరీక్ష హాలులో మొదటిసారి అయితే, ఆ పిల్లవాడు లెక్కల్లో వెనకబడ్డాడని ఎలా అంటాం?

రెండోది గౌరవం. రిజర్వేషన్ల మీద వెకిలి మీమ్‌లు, అంబేద్కర్‌ను అవమానించే మార్ఫింగ్ ఫోటోలు, కులం పేరుతో తిట్లు మన పిల్లల ఫోన్లలోకే వస్తాయి. బొమ్మను ఎలా కత్తిరించారో, ఏ పాట జోడించి నవ్వు పుట్టించారో విడదీసి చూడగలిగితే ఆ విషం లోపలికి దిగదు. అలాంటిది నేరమని కూడా పిల్లలకు తెలియాలి. యూట్యూబ్ వీడియోలో చేసిన అవమానం కూడా నలుగురి ఎదుట చేసినదే అవుతుందని, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కిందికి వస్తుందని కేరళ హైకోర్టు 2022లో చెప్పింది. అత్యాచారాలపై జాతీయ హెల్ప్‌లైన్ 14566. ఆన్‌లైన్ ఆర్థిక మోసాలకు 1930. పిల్లల రక్షణకు 1098. ఈ మూడు నంబర్లూ ప్రతి తరగతి గోడ మీద ఉండాలి.

తరగతిలో ఏం చేయొచ్చు

దీనికి ఖరీదైన ల్యాబ్ రాకముందే చాలా చేయొచ్చు. పాఠ్యపుస్తకంలోని ఒక బొమ్మ తీసుకుని నాలుగు ప్రశ్నలు అడగొచ్చు. ఇందులో ఎవరు కుర్చీలో కూర్చున్నారు? ఎవరు పని చేస్తున్నారు? ఎవరి ఇల్లు కనిపిస్తోంది? మన వాడ ఎందుకు లేదు? వాట్సాప్‌లో తిరిగే ఒక ఫోటోను తెచ్చి, అది ఎప్పటిది, ఎక్కడిది, ఎవరికి లాభం అని వెతికించొచ్చు. అవ్వ పాడే పాటను ఫోనులో రికార్డు చేయించి, దాని కథను రాయించి, బొమ్మలు గీయించి ఒక చిన్న పుస్తకం చేయించొచ్చు. ఉపాధ్యాయుడి దగ్గర ఒక ఫోనున్నా ఈ పనులు జరుగుతాయి.

ఒక్క జాగ్రత్త అవసరం. అక్షరం నేర్పే బాధ్యత నుంచి బడి తప్పుకోవడానికి ఇది సాకు కాకూడదు. తెలుగు, ఇంగ్లిష్ ధారాళంగా చదవడం, రాయడం మన పిల్లల హక్కు. వీడియో దానికి తోడుగా ఉండాలి.

మనం ఏం అడగాలి

విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. సగం మంది మహిళలు ఉండాలి. వెనకబాటుకు గురైన వర్గాల తల్లిదండ్రులకు దామాషా ప్రకారం చోటు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక రాసేది ఆ కమిటీయే. కాబట్టి మన అమ్మలు, అయ్యలు ఆ సమావేశానికి వెళ్లి ఈ ప్రశ్నలు అడగాలి:

- బడిలో కంప్యూటర్లు ఎన్ని? అందులో పనిచేసేవి ఎన్ని? తాళం చెవి ఎవరి దగ్గర ఉంది?
- ఒక్కో పిల్లకు వారానికి ఎన్ని గంటలు కంప్యూటర్ ముందు కూర్చునే వీలుంది? అమ్మాయిలకు వేరుగా లెక్క చెప్పండి.
- ఉపాధ్యాయులకు ఏ శిక్షణ ఇచ్చారు?
- పిల్లల చేత ఏ యాప్‌లు వాడిస్తున్నారు? ఆ యాప్‌లు పిల్లల సమాచారం ఏం తీసుకుంటున్నాయి? 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు వారి సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి.
- ఎనిమిదో తరగతి దాటేలోపు ప్రతి పిల్లకూ ఆన్‌లైన్ దరఖాస్తు నింపడం బడిలోనే నేర్పుతారా?

నోటితో అడిగితే జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద రాతపూర్వకంగా అడగొచ్చు. గురుకులాల విషయంలో ఇంకో మాట. చాలా చోట్ల ఫోను లోపలికి రానివ్వరు. భద్రత కోసమే కావచ్చు. అయితే ఫోను వద్దన్నప్పుడు పనిచేసే ల్యాబ్‌ను సాయంత్రం కూడా తెరిచి ఉంచాలి. ఒక కాలేజీ హాస్టల్ విద్యార్థిని వేసిన కేసులో, ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులో భాగమని కేరళ హైకోర్టు 2019లోనే తీర్పు ఇచ్చింది.

సావిత్రిబాయి, జోతిరావు ఫూలేలు 1848లో పుణెలో బడి తెరిచారు. 1855లో వాళ్ల బడి విద్యార్థిని, మాంగ్ కులానికి చెందిన 14 ఏళ్ల ముక్తా సాల్వే, తన జనం బాధను వ్యాసంగా రాసి పత్రికలో అచ్చు వేయించగలిగింది. చదువు అంటే అది. ఈ రోజు మన వాడల్లో ముక్త వయసు పిల్లలు వేల మంది ఉన్నారు. వాళ్ల చేతుల్లోని ఫోను ఎవరో చేసిన వీడియోలు చూడటానికే కాక, తమ మాట చెప్పడానికి కూడా పనికొచ్చేలా చేసే బాధ్యత బడిది. అది అడిగి సాధించుకోవాల్సిన పని మనది.