చీటీ డబ్బుతో.. దీవుల బాట!

- రామేశ్వరంతో మొదలై అండమాన్ దాకా.. బరంపురం దంపతుల ప్రయాణం
- వీపున చెరో సంచి, చేతిలో జమాఖర్చుల పుస్తకం

బరంపురం: దీవులంటే డబ్బున్నోళ్లు విమానంలో వెళ్లి, రిసార్టులో దిగి, ఫొటోలు తీయించుకొచ్చే చోటనే చాలామంది అనుకుంటారు. ట్రావెల్స్ దుకాణాల్లో గోడలకు అంటించే రంగుల బొమ్మలు కూడా అలాగే ఉంటాయి. ఒడిశాలోని బరంపురంలో తాతల కాలం నుంచి ఉంటున్న ఓ తెలుగు కుటుంబంలోని భార్యాభర్తలకు ఆ బొమ్మలతో పని పడలేదు. ఆయన బట్టల దుకాణంలో గుమాస్తా. ఆమె ఇంటి దగ్గర మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. పేర్లు వద్దన్న ఈ ఇద్దరూ విమానం ఎక్కకుండా, ప్యాకేజీ కొనకుండా మూడు చోట్ల దీవులు చూసొచ్చారు.

మూడోది అండమాన్. దానికి పెట్టుబడి ఆమె రెండేళ్లు కట్టిన చీటీ. చేతికొచ్చింది 40 వేలు. ఆ డబ్బుతో వానకు కారుతున్న వంటింటి కప్పు బాగు చేయించాలన్నది అత్తగారి మాట. కానీ ఆమె మనసులో వేరే లెక్క ఉంది. సోంపేట దగ్గరి సొంతూరు వదిలి ముప్పయ్యేళ్ల కిందట పోర్ట్‌బ్లెయిర్ వెళ్లిపోయిన పెదనాన్న ఇప్పుడు ఎనభైకి దగ్గర పడ్డారు. తమ్ముడు పోయినప్పుడు కూడా ఓడ కుదరక రాలేకపోయిన మనిషి. ఆయన ఉండగానే ఒక్కసారి చూడాలని ఆమె పట్టు. చివరకు మనవడిని తన దగ్గరే ఉంచుకుంటానని అత్తగారే ఒప్పుకున్నారు. కప్పు మీద టార్పాలిన్ పరిచారు. సంచులు సర్దుకున్నారు.

రామేశ్వరం నేర్పిన పాఠం

ఈ తిరుగుడు అలవాటు 2017లో రామేశ్వరంతో మొదలైంది. మొక్కు తీర్చుకోవడానికి వెళ్లినవారికి రామేశ్వరం ఉన్నది పాంబన్ అనే దీవి మీదేనన్న సంగతి 1914 నాటి రైలు వంతెన దాటుతుంటే గానీ తట్టలేదు. ధనుష్కోటి వెళ్లి 1964 డిసెంబరు తుపానుకు కొట్టుకుపోయిన ఊరి మొండిగోడలు చూశారు. సత్రంలో పడక, చేతిలో తేలికపాటి సామాను ఉంటే చాలు, ఎంత దూరమైనా పోవచ్చని ఆయనకు అక్కడే అర్థమైందట. పెద్ద సూట్‌కేసు మోసుకుంటూ మెట్లెక్కలేక అవస్థ పడింది కూడా ఆ ప్రయాణంలోనే. ఆ తర్వాత ఇంట్లో సూట్‌కేసు అటక ఎక్కింది.

2019లో కర్ణాటక వైపు వెళ్లారు. ఉడుపిలో కృష్ణుడి దర్శనం, మఠంలో భోజనం. మల్పే రేవు నుంచి పడవ ఎక్కి సెయింట్ మేరీస్ దీవికి. లావా చల్లారి నిలువు స్తంభాల్లా గట్టిపడిన నల్లరాళ్లు అక్కడి విశేషం. రాత్రి అక్కడ ఉండనివ్వరు. సాయంత్రానికి ఒడ్డుకు రావాల్సిందే. లక్షద్వీప్‌కు కూడా ఆరా తీశారు. ముందుగా అనుమతి పత్రం కావాలనడం, ఖర్చు అందకపోవడంతో దాన్ని పక్కన పెట్టారు. ఇంతలో కరోనా వచ్చిపడింది.

మూడు రాత్రులు ఓడలో

సంక్రాంతి అమ్మకాలు అయిపోతే బట్టల దుకాణంలో పని పలచబడుతుంది. 2023 జనవరిలో యజమాని 18 రోజులు సెలవిచ్చారు. ఒక్కరోజు దాటినా చోటు వేరేవాళ్లకే అని ముందే చెప్పేశారు. విశాఖ దగ్గరే అయినా అక్కడి నుంచి ఓడలు తక్కువ, తేదీ కుదరలేదు. దాంతో చెన్నై దాకా రైల్లో స్లీపర్ క్లాసులో వెళ్లి, అక్కడ ఓడ ఎక్కారు.

చెన్నై నుంచి పోర్ట్‌బ్లెయిర్ 1,300 కిలోమీటర్ల పైమాటే. విమానానికి రెండు గంటల పైచిలుకు పడితే ఓడకు మూడు రోజుల దాకా పడుతుంది. వీరు తీసుకున్నది అన్నిటికంటే చవకైన బంకు తరగతి. పెద్ద హాలులో వరసగా, ఒకదానిపై ఒకటి పడకలు. కూలీలు, సెలవుకు ఊరెళ్లి వస్తున్న దీవివాసులు, పసిపిల్లలతో తల్లులు.. రెండో రోజుకే అదొక వీధిలా తయారైంది. ఆమెకు మొదటి రోజంతా కడుపులో తిప్పడమే. నిమ్మకాయ వాసన చూస్తూ, డెక్ మీద గాలికి కూర్చుంటే గానీ కుదుటపడలేదు. ఓడ క్యాంటీన్ భోజనం నోటికి ఎక్కనప్పుడు ఇంటి నుంచి తెచ్చిన జంతికలు, అటుకులు, ఆవకాయ ఆదుకున్నాయి. పక్క పడకలవాళ్లకూ ఆవకాయ అందింది. దిగే వేళకు సీసా ఖాళీ!

‘ఏటి’ అంటే చాలు..

ఓడ దిగాక భాష గురించి బెంగ పెట్టుకోనక్కర్లేదని ఈ దంపతులు అంటున్నారు. అది నిజమేనని లెక్కలూ చెబుతున్నాయి. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ జనాభా సుమారు 3.8 లక్షలు. అందులో బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత నాలుగో స్థానం తెలుగు మాతృభాషగా ఉన్నవారిదే. నూటికి 13 మంది, అంటే సుమారు 50 వేలు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి చేపల వేటకు, కూలి పనులకు వెళ్లి అక్కడే నిలిచిపోయిన కుటుంబాలు ఎన్నో. జంగ్లీఘాట్ చేపల రేవు దగ్గర ‘ఏటి’ అనే మాట చెవిన పడగానే ఆమెకు సోంపేట సంతలో ఉన్నట్టే అనిపించిందట.

పెదనాన్న ఇల్లు ఆ పక్కనే. రేకుల ఇల్లు, ముందు కొబ్బరి చెట్టు. చూపు తగ్గిన ఆ పెద్దాయన గొంతు విని గుర్తుపట్టారు. తమ్ముడి కూతురిని పట్టుకుని చాలాసేపు వదల్లేదు. పెద్దమ్మ వండిన ఎండుచేపల కూర తింటూ ఆ రాత్రంతా ఊరి కబుర్లే. ఎవరు ఉన్నారు, ఎవరు పోయారు, చెరువు గట్టున చింతచెట్టు ఉందా కొట్టేశారా.. అన్నీ అడిగారు.

మర్నాడు సెల్యులార్ జైలుకు పెదనాన్న మనవడే తీసుకెళ్లాడు. 1906లో కట్టడం పూర్తయిన ఈ జైలుకు ఒకప్పుడు ఏడు వరసల భవనాలు ఉండేవి. ఇప్పుడు మిగిలినవి మూడే. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొరకు శిక్ష వేసి పంపింది కూడా అండమాన్‌కే. తర్వాత ఆయన 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యారు.

బస్సు, సైకిల్, రెండు కాళ్లు

వందల సంఖ్యలో ఉన్న ఈ దీవుల్లో మనుషులు ఉండేవి నలభైకి లోపే. చూడనిచ్చేవి ఇంకా తక్కువ. హేవ్‌లాక్ వెళ్లడానికి ప్రైవేటు బోట్లు వేగంగా పోతాయి, టిక్కెట్టూ అంతే వేగంగా పెరుగుతుంది. వీరు ప్రభుత్వ ఫెర్రీ కోసం తెల్లారకముందే కౌంటరు దగ్గర నిలబడ్డారు. దిగాక రాధానగర్ తీరానికి ఊరి బస్సే. 2004లో ‘టైమ్’ పత్రిక ఆసియాలోకెల్లా మేటి బీచ్‌గా చెప్పింది దీన్నే. తెల్లటి ఇసుక, వెనుక పెద్ద పెద్ద చెట్లు. అక్కడ కూర్చోవడానికి పైసా ఖర్చు లేదు. సూర్యుడు సాయంత్రం అయిదున్నరకే దిగిపోతాడు కాబట్టి రోజు పొద్దున్నే మొదలుపెట్టాలి. అదొక్కటి గుర్తుంచుకుంటే చాలు.

గది బజారు దగ్గర, సముద్రం కనిపించని వీధిలో తీసుకున్నారు. సముద్రం కనిపించే గదికి మూడింతలు చెప్పారట. మధ్యాహ్నం బెంగాలీ హోటల్లో చేపల పులుసుతో భోజనం, రాత్రి రొట్టెలు. తిరగడానికి అద్దె సైకిళ్లు. పెళ్లయిన పన్నెండేళ్లలో భార్య సైకిల్ తొక్కగలదన్న సంగతి ఆయనకు అక్కడే తెలిసింది!

అక్కడి నుంచి నీల్ దీవి. ఊళ్ల పేర్లు సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్. తూర్పు పాకిస్థాన్ నుంచి వచ్చిన బెంగాలీ శరణార్థులు అడవి కొట్టి సాగులోకి తెచ్చిన నేల ఇది. కూరగాయల తోటలకు పేరు. సముద్రం వెనక్కి తగ్గిన వేళ లక్ష్మణ్‌పూర్ రాళ్ల మధ్య నడిస్తే పగడాలు, చేపపిల్లలు నీటి గుంటల్లో కనిపిస్తాయి. సరదా కోసం చేసిన ఖర్చు ఒక్కటే.. భరత్‌పూర్‌లో అద్దాల అడుగు పడవ.

ఫెర్రీ ఆగింది.. గుండె ఆగినంత పనైంది

నీల్ నుంచి బయల్దేరాల్సిన రోజు గాలి హోరెత్తింది. ఫెర్రీలు రద్దు. మర్నాడు మధ్యాహ్నం దాకా ఇదే పరిస్థితి. ఎల్లుండి చెన్నై ఓడ. అది తప్పితే మళ్లీ ఓడ ఎప్పుడో, దుకాణంలో చోటు ఉంటుందో ఉండదో! విమానానికి చేతిలో డబ్బు చాలదు. ఆయన రేవు దగ్గరే అటూ ఇటూ తిరుగుతుంటే, ఆమె నేరుగా కౌంటరుకెళ్లి చేతిలో ఉన్న ఓడ టిక్కెట్లు చూపించి, మొదటి ఫెర్రీలో చోటు అడిగింది. రాత్రికి గది మాని ఓ బెంగాలీ ఇంట్లో చాప మీద పడుకున్నారు. ఆ ఇంటావిడ తీసుకున్నది భోజనం డబ్బులే. మూడో రోజు ఉదయం ఫెర్రీ కదిలింది. సాయంత్రం చెన్నై ఓడ ఎక్కేముందు పెదనాన్నకు చెప్పి రావడానికి గంట సమయమే మిగిలింది. మళ్లీ కలుస్తామో లేదోనని ఇద్దరికీ తెలుసు. ఎవరూ ఆ మాట పైకి అనలేదు.

అన్నీ చూసేందుకు కాదు

నీల్‌కు వెళ్లకముందు ఒకరోజు బారాటాంగ్ సున్నపురాతి గుహలు చూశారు. ఆ దారి జార్వా తెగవారి అడవి మీదుగా పోతుంది. జిర్కాటాంగ్ నుంచి వాహనాలను వరసగా, గంటల ప్రకారం వదులుతారు. మధ్యలో ఆపడం, ఫొటోలు తీయడం, తినుబండారాలు ఇవ్వడం నేరం. మనుషులను చూసే వస్తువుల్లా చేయడం తప్పని ఆమెకు గట్టిగా అనిపించింది. దారంతా కిటికీ వైపు ఫోను ఎత్తలేదు.

పగడపు ముక్క ఏరుకుని సంచిలో వేసుకోవడమూ వన్యప్రాణి చట్టం కింద నేరమే. ఇక ఉత్తర అండమాన్‌లోని కాలీపూర్ తీరానికి తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. రోజులు చాలక అక్కడికి వెళ్లలేదు. అయినా గంజాం జిల్లా రుషికుల్య తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు రావడం చిన్నప్పటి నుంచి ఎరిగినవారికి అదేమంత లోటు కాదు.

లెక్క తేలింది

18వ రోజు రాత్రి ఇల్లు చేరారు. మర్నాడు ఉదయం ఆయన దుకాణంలో ఉన్నారు. పుస్తకంలో తేలిన ఖర్చు ఇద్దరికీ కలిపి 35 వేలకు కాస్త లోపు. అందులో మూడో వంతు దాకా ఓడ టిక్కెట్లకే. నాలుగు రాత్రులు పెదనాన్న ఇంట్లో ఉండటం కలిసొచ్చింది. మిగిలిన అయిదు వేలకు ఆమె మరికొంత కుట్టుకూలి కలిపి, వానలకు ముందే వంటింటి కప్పు వేయించింది. పెదనాన్న ఆ ఏడాది దసరా ముందు కన్నుమూశారు. ఈసారి కబురు అందాక ఆమె ఏడ్చింది గానీ, చూడలేకపోయానన్న బాధ లేదు.

వెళ్లాలనుకునే వారికి..

- పోర్ట్‌బ్లెయిర్ పేరును 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురంగా మార్చారు. హేవ్‌లాక్ 2018 నుంచి స్వరాజ్ ద్వీప్, నీల్ షహీద్ ద్వీప్. టిక్కెట్లపై కొత్త పేర్లు చూసి కంగారు పడొద్దు.
- ఓడలు చెన్నై, కోల్‌కతా, విశాఖ నుంచి ఉంటాయి. తేదీలు మారుతుంటాయి కాబట్టి ముందు ఓడ, తర్వాతే రైలు టిక్కెట్టు.
- నవంబరు నుంచి ఏప్రిల్ దాకా అనువైన కాలం. మే నెల సగం నుంచి వానలు.
- తిరుగు ఓడకు కనీసం రెండు రోజుల ముందే పట్నం చేరుకోవాలి. ఫెర్రీలు ఎప్పుడు ఆగుతాయో చెప్పలేం.
- మొసళ్ల హెచ్చరిక బోర్డు ఉన్నచోట నీళ్లలో దిగొద్దు.
- సంచి బరువు భుజం ఓర్చుకునేంతే ఉండాలి. ఆవకాయ సీసా మాత్రం మరిచిపోవద్దు!