ఒకటో తరగతిలో మొదటి వారాలు

జూన్ నెలలో తెలుగు రాష్ట్రాల్లో బడులు తెరిచినప్పుడు ఒకటో తరగతిలో చేరే బిడ్డ అక్షరాలకన్నా ముందు ఒక కొత్త మనిషిని నమ్మడం నేర్చుకోవలసి ఉంటుంది. ఆ నమ్మకం కుదరకముందే పలక చేతికిచ్చి దిద్దిస్తే, చదువు పట్ల ఆసక్తికి ముందే భయం కలిగే ప్రమాదం ఉంది. జాతీయ విద్యా విధానం-2020 ఈ వయసు పిల్లలకు మూడు నెలల ఆటపాటల సన్నాహాన్ని సూచించగా, ‘విద్యా ప్రవేశ్’ పేరుతో ఆ కార్యక్రమం 2021లో ప్రారంభమైంది.

ఈ ఆలోచనకు మన దేశంలో పాత వేళ్లే ఉన్నాయి. గుజరాత్‌లోని భావనగర్‌లో 1920లో బాలమందిరాన్ని నెలకొల్పిన గిజుభాయి బధేకా తన ‘దివాస్వప్న’ పుస్తకంలో చిత్రించిన ఉపాధ్యాయుడు మొదటి రోజు పిల్లలచేత మౌనం పాటింపజేయబోయి విఫలమవుతాడు; మర్నాడు కథ ఎత్తుకోగానే తరగతి మొత్తం అతని చుట్టూ చేరుతుంది. ఆజ్ఞ సాధించలేనిదాన్ని కథ సాధించడానికి కారణం ఉంది: కథ వినే పిల్లవాడు తర్వాత ఏమవుతుందో ఊహిస్తాడు, అడుగుతాడు, ఆ ప్రశ్నకు జవాబు దొరికితే తన మాటకు ఇక్కడ విలువ ఉందని గ్రహిస్తాడు.

ఇంట్లో కోయ, సవర వంటి భాషలు మాట్లాడే పిల్లలకు తమ మాటకు బడిలో విలువ దొరకాల్సిన అవసరం మరింత తీవ్రమైనది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో మొదలైన బహుభాషా విద్య, అంటే తొలి తరగతులను ఇంటిభాషలో బోధించి క్రమంగా తెలుగుకు తీసుకువెళ్లే పద్ధతి, దీన్ని గుర్తించింది. ఆ భాష రాని ఉపాధ్యాయులు సైతం పిల్లల నుంచే పది మాటలు నేర్చుకుని, వారిని ఇంట్లో పిలిచే పేరుతో పలకరించడం ద్వారా ఇంటికీ బడికీ మధ్య ఉన్న దూరాన్ని కొంతైనా తగ్గించగలరు.