మైకు దేన్నీ లాగదు

నా బీరువాలోని మైకులు చూడ్డానికి వచ్చినవాళ్లు ఏదో ఒకటి చేతిలోకి తీసుకుంటారు. అటూ ఇటూ తిప్పి చూస్తారు. ఆ తర్వాత అడిగేది ఒకటే: "ఇది ఎంత దూరం నుంచి లాగుతుందండీ?" పాత నల్ల టెలిఫోన్లోంచి ఊడదీసిన కార్బన్ బిళ్ల గురించీ అదే ప్రశ్న, రిబ్బన్ మైకు గురించీ అదే. పెళ్లిళ్లకు మైక్ సెట్టు అద్దెకిచ్చేవాళ్లు, యూట్యూబ్ ఛానల్ పెట్టిన కుర్రాళ్లు కూడా "ఫలానా మైకు బాగా లాగుద్ది" అంటుంటే వినీ వినీ విసుగొచ్చింది. మైకు లాగదు. దానికా శక్తి లేదు.

చూరు కింద పెట్టిన గిన్నె వానను లాగుతుందా? పడిందేదో పట్టుకుంటుంది, అంతే. మీ నోటి నుంచి నేరుగా వచ్చే మాట చూరునీళ్ల ధార. గోడలకూ గచ్చుకూ కొట్టుకుని తిరిగొచ్చే ప్రతిధ్వని, వాకిలంతా కురిసే జల్లు. గిన్నె సరిగ్గా ధార కింద ఉంటే, అందులో నాలుగు చుక్కల జల్లు పడ్డా లెక్కలోకి రాదు. వాకిలి మధ్యలో పెడితే నిండేది జల్లుతోనే. అక్కడ వెండిగిన్నె పెట్టినా పడేది ఆ జల్లే.

లెక్క కూడా చూడండి. నోటికి మూడు అంగుళాల్లో ఉన్న మైకును మూడు అడుగులకు జరిపితే దూరం 12 రెట్లు పెరిగింది. నేరుగా చేరే శబ్దం తీవ్రత సుమారు 144వ వంతుకు పడిపోతుంది. గదిలో తిరుగుతున్న ప్రతిధ్వని మాత్రం ఏ మూల చూసినా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. ఇప్పుడు గెయిన్ (మైకు నుంచి వచ్చే విద్యుత్తును పెంచే మోతాదు) పెంచితే మాటా, మోతా రెండూ కలిసే పెరుగుతాయి.

మరి కండెన్సర్ మైకు లాగుతున్నట్టు ఎందుకనిపిస్తుంది? అది ఇచ్చే విద్యుత్తు ఎక్కువ కాబట్టి. కండెన్సర్ కాని షూర్ ఎస్ఎం58 ఒక పాస్కల్ ఒత్తిడికి రెండు మిల్లీవోల్టులు కూడా ఇవ్వదు. నాయ్‌మన్ యు87 ఏఐ అనే కండెన్సర్ 28 ఇస్తుంది. (అది నా బీరువాలో లేదు. దాని ధరకు దూరం నుంచే దండం.) గెయిన్ కదపకుండా ఒకటి తీసి రెండోది తగిలిస్తే పక్కింటి కుక్కర్ కూత వినిపిస్తుంది. "అబ్బ, ఎంత లాగుతోందో!" అంటారు. ఎస్ఎం58కి కూడా గెయిన్ సరిపడా పెంచి చూడండి, అదే కూత వస్తుంది. కాకపోతే కాస్త మొద్దుగా, వెనక కొంచెం బుస్సుమనే చప్పుడుతో.

కార్బన్ రేణువులు నొక్కుకుపోవడం, అయస్కాంతంలో తీగచుట్ట ఊగడం, రెండు పలకల మధ్య సందు మారడం వగైరాలన్నీ బడిలో చదివిన భౌతికశాస్త్రమే, వదిలేద్దాం. నన్ను ఈ పిచ్చిలోకి దించింది వేరే సంగతి: వద్దన్న దిక్కు నుంచి వచ్చే శబ్దాన్ని మైకు ఎలా వదిలేస్తుందన్నది.

రిబ్బన్ మైకులో అయస్కాంతం మొనల మధ్య ఒక అల్యూమినియం రేకు వేలాడుతుంది. మందం రెండు మైక్రాన్లకు అటూ ఇటూ. తలవెంట్రుక దానికన్నా పాతిక రెట్లకు పైగా లావు. ఆ రేకు ముందూ వెనకా రెండూ బాహాటమే. ఎదుటి నుంచి వచ్చినా, వెనక నుంచి వచ్చినా శబ్దం దాన్ని కదిలిస్తుంది. పక్క నుంచి వచ్చింది మాత్రం రెండు ముఖాలకూ ఒకేసారి, ఒకే బలంతో తగలడంతో రేకు కదలదు. 1930ల్లో అమెరికా రేడియో స్టేషన్లను ఏలిన ఆర్‌సీఏ 44 ఈ జాతిదే. రేడియో నాటకంలో నటులు దానికి చెరోవైపు ఎదురెదురుగా నిలబడేవారు. పాత్ర నిష్క్రమించాలంటే పక్కకు జరిగితే చాలు, వినేవాళ్లకు దూరంగా వెళ్లిపోయినట్టుండేది. నా గిన్నె ఉపమానానికి ఇక్కడే చిల్లుపడింది. రెండువైపులా మూతి ఉన్న గిన్నెలో నీళ్లెలా నిలుస్తాయి?

ఒక్కవైపే వినే మైకు కావాలంటే అప్పట్లో ఒకే డబ్బాలో రెండు రకాల మైకులు ఇరికించేవారు. 1939లో షూర్ కంపెనీలో బెంజమిన్ బావర్ శబ్దానికి ఊగే ఒక్క పొరతోనే ఆ పని సాధించాడు. పొర వెనక చిన్న రంధ్రాలు పెట్టి, వాటిలోంచి వచ్చే శబ్దం లోపల కాస్త ఆలస్యమయ్యేలా అడ్డు పెట్టాడు. వెనక స్పీకరు బాక్సు నుంచి శబ్దం వచ్చిందనుకోండి. ముందుగా రంధ్రాలను చేరి, లోపల నెమ్మదిస్తుంది. ఈలోగా అదే శబ్దం బయటినుంచి చుట్టూ తిరిగి పొర ముందువైపుకు వస్తుంది. రెండూ ఒకే క్షణంలో రెండువైపులా నొక్కుతాయి, పొర కదలదు. గాయకుడి గొంతుకు ఇలా జరగదు. అది పొరను ముందు తాకి, ఆ తర్వాత చుట్టూ తిరిగి రంధ్రాలకు చేరి, లోపల మళ్లీ ఆలస్యమవుతుంది. రెండు ఆలస్యాలూ కలిసి ఒత్తిడిలో తేడా తెస్తాయి, పొర ఊగుతుంది. మోటారూ లేదు, వాల్వూ లేదు, శబ్దం నడిచే దారి పొడవుతో, ఆ అడ్డుతోనే ఇదంతా. ఎల్విస్ ఫొటోల్లో కనిపించే పక్కటెముకల మైకు యునిడైన్ 55 ఇదే.

ఇప్పుడు మన స్టేజీ గాయకుడు స్టైలు కోసం మైకు తల మీది జాలీని గుప్పిట్లో మూస్తాడు. వెనక దారి మూసుకుపోతుంది, మైకు అన్నివైపులా వినడం మొదలెడుతుంది, బాక్సులోంచి కుయ్యిమని కూత. తిట్లు తినేది మైక్ సెట్టు అబ్బాయి.

పద్య నాటకాల నటుల్ని చూసి నేర్చుకోవాలి. కృష్ణుడు మైకు ముందుకొచ్చి మొదటి పాదం దగ్గరగా, కింది స్థాయిలో అందుకుంటాడు. ఇలాంటి ఏకదిశ మైకులు దగ్గరైనకొద్దీ మంద్రాన్ని పెంచి చూపిస్తాయి కాబట్టి గొంతు గంభీరంగా నిండుతుంది. రాగం తారస్థాయికి ఎక్కేసరికి అరడుగు వెనక్కి వేస్తాడు. విలోమ వర్గ నియమం (పైన చూసిన 144వ వంతు లెక్క) వాళ్లకెవరూ చెప్పలేదు, పాదాలకే తెలుసు. ఆ అరడుగును ఏ ఖరీదైన యంత్రంతోనూ కొనలేం.

గన్ మైకు దుర్భిణి అనుకునేవాళ్లకు ఒక మాట: ఆ పొడవాటి గొట్టం పక్క శబ్దాలను తగ్గిస్తుంది, దూరాన్ని కాదు. మోత మోగే గదిలో దానివల్ల ఒరిగేదీ తక్కువే. షూటింగులో బూమ్ పట్టుకున్న మనిషి ఫ్రేము అంచుదాకా దాన్ని దించేది అందుకే. ఇంట్లో వీడియోలు చేసుకునేవాళ్లకు గడ్డానికి జానెడు కింద పెట్టుకునే కాలర్ మైకే చూరు కింది గిన్నె. 1962లో బెల్ ల్యాబ్స్‌లో గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ చేసిన ఎలక్ట్రెట్ కండెన్సర్ మైకు వల్లే అది అంత చిన్నదైంది. కండెన్సర్‌కు పనిచేయడానికి 48 వోల్టులే ఎందుకివ్వాలన్నది కొందరికి శాస్త్రరహస్యం. 1966లో నాయ్‌మన్ కంపెనీ నార్వే రేడియోకు మైకులు చేస్తున్నప్పుడు, అక్కడ కరెంటు పోతే వెలిగే దీపాలకు 48 వోల్టుల సరఫరా సిద్ధంగా ఉంది, దాన్నే వాడేశారు.

దసరా వెళ్లగానే నా దగ్గరికి చిటపటలాడే కండెన్సర్లు వస్తాయి. దిష్టి తగిలిందంటారు, ఒకదానికి నిమ్మకాయ కూడా కట్టి తెచ్చారు. విప్పి చూస్తే ఆయుధపూజ రోజు జాలీ మీద అద్దిన కుంకుమ లోపలి పొర దాకా దిగి ఉంటుంది. విద్యుదావేశమున్న పొరకు ధూళి ఇట్టే అంటుకుంటుంది, ఆపైన తేమ చేరితే చిటపటలే. బొట్టు పెట్టాలనిపిస్తే స్టాండుకు పెట్టండి. పనిచేస్తోందో లేదో చూడ్డానికి ఉఫ్ ఉఫ్‌మని ఊదకండి, రిబ్బన్ అయితే సాగిపోతుంది. "హలో, మైక్ టెస్టింగ్" అనండి చాలు, దగ్గరగా నిలబడి.