గుర్రపు దాణాలో మనిషి వాటా: ఓట్స్, లూసర్న్‌ల పోషక విచారణ

శామ్యూల్ జాన్సన్ 1755లో వెలువరించిన ఆంగ్ల నిఘంటువులో ఓట్స్‌కు ఇచ్చిన నిర్వచనం ప్రసిద్ధం. ఇంగ్లండులో గుర్రాలకు పెట్టే ఆ ధాన్యం స్కాట్లండులో ప్రజలను పోషిస్తుందన్నది దాని తాత్పర్యం. అందులోని ఎత్తిపొడుపును పక్కన పెడితే ఒక శాస్త్రీయ ప్రశ్న మిగులుతుంది. గుర్రానికి మేలు చేసిన పైరు మనిషికీ అదే రీతిలో మేలు చేస్తుందని భావించవచ్చునా? ఓట్స్‌నూ, దానికి జోడుగా గుర్రాలకు వేసే లూసర్న్ (అల్ఫాల్ఫా) గడ్డినీ పరిశీలిస్తే రెండు భిన్నమైన సమాధానాలు లభిస్తాయి.

గుర్రం నెమరువేయని జంతువు. దాని శరీర పరిమాణంతో పోల్చితే జీర్ణాశయం చిన్నది. పిండిపదార్థం ప్రధానంగా చిన్నప్రేగులో జీర్ణమవుతుంది. పీచు మాత్రం అంధనాళంలోనూ పెద్దప్రేగులోనూ ఉండే సూక్ష్మజీవుల వల్ల పులిసి శక్తినిస్తుంది. దాణా మితిమీరితే పిండిపదార్థం జీర్ణం కాకుండానే పెద్దప్రేగును చేరుతుంది. అక్కడ లాక్టిక్ ఆమ్లం పెరిగి కడుపుశూలకూ, గిట్టల లోపలి వాపుకూ దారితీస్తుంది. ఓట్స్‌లోని పిండిపదార్థం ముడి మొక్కజొన్నలోని దానికంటే చిన్నప్రేగులో సులభంగా జీర్ణమవుతుంది. పైగా గింజ బరువులో సుమారు నాలుగోవంతు ఉండే పొట్టు దాణాకు పీచును సమకూరుస్తుంది. గుర్రపుశాలల్లో ఓట్స్‌కు దక్కిన ఆదరణకు ఇవి ముఖ్యకారణాలు.

అయితే ఓట్స్‌లో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. ధాన్యమే ప్రధానాహారమైన గుర్రం తన ఎముకల నుండే కాల్షియాన్ని కోల్పోతుంది. క్రమంగా దవడ ఎముకలు ఉబ్బి ముఖం వికారమవుతుంది. పప్పుజాతికి చెందిన లూసర్న్‌లో ఈ నిష్పత్తి తారుమారు: భాస్వరం కంటే కాల్షియం అనేక రెట్లు అధికం. మాంసకృత్తులూ సమృద్ధిగా ఉంటాయి. ఈ లెక్కలు తెలియని కాలంలోనే అశ్వపాలకులు దీని విలువను గుర్తించారు. గ్రీకులు దీనిని మీడియా దేశపు గడ్డి అన్నారు. మెడికాగో అన్న శాస్త్రీయనామానికి అదే మూలం. హాన్ రాయబారులు పశ్చిమదేశాల నుండి దీని విత్తనాలను చైనాకు తెచ్చారని సిమా చియెన్ నమోదు చేశాడు.

మనిషి విషయానికి వస్తే, ఓట్స్ పొట్టు తొలగిన తరువాతే పళ్లెంలోకి వస్తుంది. లోపలి గింజలో ఉండే బీటా గ్లూకాన్ అనే కరిగే పీచు రక్తంలోని కొలెస్టరాల్‌ను తగ్గిస్తుంది. సంతృప్త కొవ్వులు తక్కువగా ఉన్న ఆహారంలో భాగంగా రోజుకు 3 గ్రాముల మోతాదును ఆధారం చేసుకొని, 1997లో అమెరికా ఆహార, ఔషధ పాలనాసంస్థ ఓట్స్ ఉత్పత్తులపై ఆరోగ్యప్రయోజన ప్రకటనను అనుమతించింది.

లూసర్న్ సంగతి వేరు. దాని కాండాన్ని పులియబెట్టి వినియోగించుకోగల విశాలమైన ప్రేగు మనిషికి లేదు. మొలకలుగా తినవచ్చునన్న ప్రచారం బలంగా ఉన్నా, విత్తనాల్లోనూ మొలకల్లోనూ కెనవనైన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. లూపస్ వ్యాధిగ్రస్తులు దీనికి దూరంగా ఉండాలనడానికి అదే కారణం. ఆకుల్లోని విటమిన్ కె వార్ఫరిన్ ఔషధప్రభావాన్ని తగ్గిస్తుంది. పచ్చి మొలకల ద్వారా సాల్మొనెల్లా వ్యాపించిన సందర్భాలూ ఉన్నాయి. గుర్రానికి బలమైన మేత అన్న కీర్తిని మనుషుల పోషకాహార ప్రకటనల్లోకి యథాతథంగా దించడం, ఈ వ్యాసకర్త దృష్టిలో, సమర్థనీయం కాదు.

తెలుగునాట ఉలవల విషయంలో వాటాల పంపకం మరో తీరున జరిగింది. ఉడికిన గింజ ఎడ్లకు, ఉడికించిన నీరు ఉలవచారుగా ఇంటివారికి. లూసర్న్ విషయంలోనూ ఇటువంటి మార్గం ఉంది. ఆకులను పిండి, రసాన్ని వేడిచేస్తే మాంసకృత్తులు గడ్డకట్టి వేరుపడతాయి. ఆ సారాన్ని యూరోపియన్ కమిషన్ 2009లో నూతన ఆహారంగా అనుమతించింది. పిండగా మిగిలిన పిప్పి పశువుల మేతకు పోతుంది.