సబర్మతి తీరపు బాట

నగరములు నదుల ఒడిలో పుట్టినవి. పెరిగి పెద్దవైన పిదప ఆ నదులనే మరచినవి. అహమదాబాదు నగరమున సబర్మతి నది వెంబడి నిర్మింపబడిన బాట ఈ మరపునకు ప్రాయశ్చిత్తమని కొందరందురు. అది ఎంతవరకు సత్యమో పరిశీలింతము.

1411లో సుల్తాన్ అహమద్ షా ఈ నది తూర్పు గట్టున నగరమును స్థాపించెను. సబర్మతి వర్షాకాలపు నది. వేసవిలో ఇసుక తిన్నెలపై కూరగాయలు పండెడివి. రజకులు బట్టలు ఉతికెడివారు. ఆదివారము సంత సాగెడిది. గట్ల వెంట పేదల గుడిసెలు వెలసినవి. తీరాభివృద్ధికై 1997లో ఒక సంస్థ ఏర్పడినది. 2012లో నదీతీరపు బాట ప్రజలకు తెరువబడినది. వాస్నా ఆనకట్ట నుండి సుభాష్ వంతెన వరకు రెండు గట్లను కలుపుకొని దాని పొడవు 20 కిలోమీటర్లకు మించును.

పడమటి గట్టున ఉత్తర దిశగా నడచు వారికి 2022లో కట్టిన పాదచారుల వంతెన, 1892 నాటి ఎల్లిస్ వంతెన, నెహ్రూ వంతెన, గాంధీ వంతెన వరుసగా ఎదురగును. సుభాష్ వంతెనకు ఆవల గాంధీజీ 1917లో నెలకొల్పిన ఆశ్రమమున్నది. 1930లో దండి యాత్ర బయలుదేరినది అచ్చటినుండియే. వాహనముల రొద లేక, నీటి చెంతనే, ధనిక దరిద్ర భేదము లేక ఎవరైనను నడువగలుగుట సామాన్యమైన మేలు కాదు.

అయితే ఆ నీరు ఎచ్చటిది? అధిక భాగము నర్మద కాలువ నుండి విడువబడినది. దానిని వాస్నా ఆనకట్ట నిలిపి ఉంచును. పారు నది కంటె నిండు చెరువు అనుటయే సముచితము. నగరపు మురుగును గట్ల వెంబడి వేసిన గొట్టములు మళ్ళించుచున్నను, ఆనకట్టకు దిగువన కాలుష్యము తగ్గలేదు; 2021లో గుజరాత్ ఉన్నత న్యాయస్థానము దానిని స్వయముగా విచారణకు స్వీకరించినది.

గట్ల నుండి పది వేలకు పైగా కుటుంబములు తొలగింపబడినవి. 2005లో నివాసులు న్యాయస్థానమును ఆశ్రయించిన పిదప పునరావాసము ఒక రూపు దాల్చినది. పలువురికి వట్వా వంటి దూర ప్రాంతములలో ఇండ్లు లభించినవి. పక్కా ఇల్లు దొరికినది నిజమే. కాని కూలి దొరకు చోటు దూరమైనది. దినకూలితో బ్రతుకు వానికి బస్సు ఛార్జీ ఒక పూట తిండితో సమానము.

ఈ విషయము మనకు పరాయిది కాదు. హైదరాబాదున మూసీ తీరాభివృద్ధి సంస్థ 2017లో ఏర్పడినది. 2024లో నదీగర్భమందలి ఇండ్లకు గుర్తులు వేసి, నివాసులను తరలించుట ఆరంభమైనది. తీరపు బాట వలదని మేము అనము. నదికి శుభ్రమైన నీరును, తీరవాసికి పని చేరువలో గూడును ముందు కల్పించి, పిదప రాళ్ళు పరచిన బాటయే నగరమునకు శోభ అని మా అభిప్రాయము.