హుసేన్ సాగర్ ఒడ్డున ఏడు వాటాలు

గత డిసెంబరులో ఒక ఆదివారంనాడు మా దాదాజాన్ సంతానమంతా హుసేన్ సాగర్ ఒడ్డున, సంజీవయ్య పార్కులో కలుసుకొన్నాము. పిల్లలతో కలిపి 23 మందిమి. పెళ్ళిళ్ళలో, జనాజాలలో ఎదురుపడటం వేరు. తీరికగా కూర్చొని ఒక దస్తర్‌ఖాన్ మీద భోజనం చేయడం వేరు. ఈ రెండవది మా కుటుంబంలో జరిగి పదిహేనేళ్ళయింది. కారణమేమిటో పెద్దలందరికీ తెలుసు. తెలిసినా ఎవరూ నోరు విప్పేవారు కాదు.

దాదాజాన్ నల్లగొండ జిల్లానుండి బతుకుతెరువు కోసం వచ్చి అమీర్‌పేటలో స్థిరపడిన దర్జీ. 90 గజాల స్థలంలో రెండు గదుల పెంకుటిల్లు, ముందు వసారాలో రెండు కుట్టుమిషన్లు, అదే ఆయన సామ్రాజ్యం. ఇప్పుడు ఆ వీధిలో ఎటు చూసినా కంప్యూటర్ కోచింగ్ సెంటర్ల బోర్డులు, అంతస్తుల మీద అంతస్తులు వేసిన హాస్టళ్ళు. కొంచెం అవతల రెండు మెట్రో మార్గాలు కలిసే స్టేషను. మెట్రోలో పంజాగుట్ట దాటగానే వచ్చే ఎర్రమంజిల్ పేరు వినిపించినప్పుడల్లా నాకు దాదాజాన్ గుర్తుకు వస్తారు. నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ ఆ గుట్టమీద కట్టించుకొన్న భవనం పేరు ఇరమ్ మంజిల్. గుట్టకు జనం పెట్టుకొన్న పేరేమో ఎర్రగుట్ట. “తెలుగువాడికి ఎర్ర, ఉర్దూవాడికి ఇరమ్. ఇద్దరికీ తగవు లేదు” అని నవ్వేవారు ఆయన. ఆద్ జాతివారి ఇరమ్‌కు పట్టిన గతి ఫజ్ర్ సూరా చదివినవారికి తెలుసు. అటువంటి పేరును ఏరికోరి ఇంటికి పెట్టుకోవడం నాకు మాత్రం ఎప్పుడూ వింతగానే తోస్తుంది.

దర్జీ ఇంట్లో రంజాన్ ఎలా గడుస్తుందో దర్జీల పిల్లలకే తెలుస్తుంది. చివరి పది రోజులు మిషన్ చప్పుడు ఆగేది కాదు. దాదాజాన్ కత్తిరించేవారు, మా అబ్బా, బడే అబ్బా కుట్టేవారు, చాచా అప్పటికి బడికి వెళ్తున్నాడు. కాజాలు, గుండీలు, చేతికుట్టు మొత్తం మా ఫుప్పమ్మ పని. సహరీ వేళకు లేచి చూస్తే ఆమె కిరోసిన్ దీపం దగ్గర సూదిలో దారం ఎక్కిస్తూ కనబడేది. చాంద్‌రాత్ అర్ధరాత్రి చివరి గిరాకీ తన షేర్వానీ తీసుకొని వెళ్ళిపోయాక, మిగిలిన గుడ్డతో మా పిల్లలకు బట్టలు కుట్టేది. అందుకే ఈద్‌గాహ్‌లో మేమంతా ఒకే తాను గుడ్డతో, ఒక్క బడి పిల్లల్లాగా కనిపించేవాళ్ళం.

పండుగనాడు పెద్దలందరూ నిద్రపోయేవారు. మా అసలు పండుగ మర్నాడు. పంజాగుట్టలో బస్సెక్కి సెక్రటేరియట్ దగ్గర దిగి, అక్కడనుండి డబుల్ డెక్కర్ బస్సులో ట్యాంక్‌బండ్ మీదుగా సికింద్రాబాద్ వెళ్ళేవాళ్ళం. అక్కడ పనేమీ లేదు. పై అంతస్తులో ముందు సీట్లో కూర్చొని చెరువును చూడటమే పని. తిరుగు బస్సులో ట్యాంక్‌బండ్ మీద దిగి, కట్టమీద కూర్చొని, ఇంటినుండి తెచ్చుకొన్న ఉడకబెట్టిన వేరుసెనగలు తినేవాళ్ళం. ఫుప్పమ్మ పొట్లాలు పంచేది. తన పొట్లంలో సగం మళ్ళీ మా చేతుల్లోకే వచ్చేది.

“ఈ చెరువు ఊరికంటే పెద్దది” అని దాదాజాన్ చెప్పేవారు. మాట నిజమే. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో, 1562 ప్రాంతంలో, హజ్రత్ హుసేన్ షా వలీ పర్యవేక్షణలో దీన్ని తవ్వించారు. హైదరాబాదు నగర నిర్మాణం 1591లో మొదలయింది. సుల్తాను తవ్వించిన చెరువుకు జనం కట్టించినవారి పేరే పెట్టుకొన్నారు. 1920లో ఉస్మాన్ సాగర్, ఆ తర్వాత హిమాయత్ సాగర్ వచ్చేదాకా జంట నగరాలవారికి ఇది తాగునీటి ఆధారం కూడా. ఇప్పుడు కూకట్‌పల్లి నాలా మొదలైనవి మోసుకొచ్చే మురుగుతో, ఎండాకాలం గాలి ఇటు వీస్తే ముక్కు మూసుకోవలసి వస్తున్నది. మేము వెళ్ళింది చలికాలం గనుక ఆ బాధ అంతగా తెలియలేదు.

దాదాజాన్ పోయాక 2009లో ఇల్లు అమ్మారు. అప్పటికి దాదీమా లేరు. అప్పులు లేవు, వీలునామా లేదు. 42 లక్షలు వచ్చాయి. అన్నదమ్ములు ముగ్గురూ తలకు 14 లక్షలు పంచుకొన్నారు. ఫుప్పమ్మను రిజిస్ట్రేషన్ కార్యాలయానికి పిలిచారు, ఆమె సంతకం చేసింది. “చెల్లెలు తన హక్కు మాఫ్ చేసింది” అని ఇంట్లో అనుకొన్నారు. ఆ తర్వాత ఆమె మా ఇళ్ళకు రావడం తగ్గించింది. పండుగలకు సలాము ఫోనులో వచ్చేది.

పార్కులో బగారా అన్నం, దాల్చా ముగిశాయి. దుప్పట్లు పరచి జమాఅత్‌తో అసర్ నమాజు చేశాము. పిల్లలు గోలచేస్తూ నీటివైపు పరుగెత్తారు. చాచా మనవరాలు ఫుప్పమ్మ దగ్గరకు వచ్చి, “దాదీ, అమీర్‌పేటలో మీ ఇల్లు ఎక్కడుండేది?” అని అడిగింది. ఫుప్పమ్మ నవ్వి, “నన్నడుగుతావేమమ్మా, మీ దాదానడుగు. అది వాళ్ళ ఇల్లు” అన్నది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

మా అబ్బా కొంతసేపు తలవంచుకొని కూర్చొన్నారు. తర్వాత అందరి ఎదుటా అడిగారు: “ఆ రోజు నీవు మనస్ఫూర్తిగానే సంతకం చేశావా, ఆపా?” ఆమె చాలాసేపు నీళ్ళవైపే చూసి, “చేయకపోతే పుట్టింటి తలుపు మూసుకుపోతుందని చేశాను భయ్యా. చేసినా మూసుకుపోయింది” అన్నది.

ఇటువంటి సంతకాలు మన ఇళ్ళలో ఎన్ని ఉన్నాయో పాఠకులే ఆలోచించాలి. తల్లిదండ్రులు విడిచిపోయిన దానిలో, అది కొంచెమైనా ఎక్కువైనా, పురుషులకు వాటా ఉన్నట్లే స్త్రీలకూ వాటా ఉన్నదని నిసా సూరా స్పష్టంగా విధించింది. అది నిర్ణీతమైన వాటా, అన్నదమ్ముల దయాధర్మం కాదు. కాజాలు కుట్టి ఆ ఇంటిని నిలబెట్టింది గనుక ఫుప్పమ్మకు ఇవ్వాలని మా వాళ్ళలో ఒకరు అన్నారు. నాకు ఆ వాదన నచ్చలేదు. ఆమె ఒక్క గుండీ కుట్టకపోయినా ఆ హక్కు ఆమెదే. ఇక మాఫీ సంగతి: ముందు వాటా ఆమె చేతికి ఇవ్వాలి, తర్వాత ఇష్టమైతే ఆమె తిరిగి ఇచ్చుకోవాలి అని ఉలమాలు చెబుతారు. చేతికి రాని సొమ్మును మొగమాటంతో వదులుకోవడాన్ని మాఫీ అని ఎలా అనగలం? మన దేశంలో 1937 నాటి షరీఅత్ చట్టం కూడా ఆడబిడ్డ వారసత్వాన్ని కాదనే ఆచారాలను తోసిపుచ్చడానికి వచ్చినదే.

లెక్క చాచా కొడుకు వేశాడు. కుమారునికి ఇద్దరు కుమార్తెలతో సమానమైన వాటా. ముగ్గురు కుమారులు, ఒక కుమార్తె అంటే మొత్తం ఏడు భాగాలు. అన్నదమ్ములకు రెండేసి, ఫుప్పమ్మకు ఒకటి. 42 లక్షల్లో ఆమెది 6 లక్షలు. అంటే ఒక్కొక్క సోదరుడు తాను తీసుకొన్న దానిలో సరిగ్గా ఏడో వంతు, 2 లక్షలు, ఆమెకు చెల్లించాలి. “ఇంతేనా?” అన్నాడు చాచా. పదిహేనేళ్ళు మాకు అక్కను దూరంచేసిన మొత్తం అది.

నేను ఊరుకోలేదు. ఆనాటి 6 లక్షలతో దొరికే బంగారం నేడు దొరుకుతుందా అని అడిగాను. అబ్బా నావైపు చూసి, “ఆ సంగతి ముఫ్తీ సాహెబును అడుగుదాం బేటీ. ముందు అసలు చెల్లిద్దాం” అన్నారు. తన భాగం ఆ నెలలోనే ఇస్తానన్నారు, ఇచ్చారు కూడా. చాచా రెండేళ్ళ గడువు అడిగాడు. ఫుప్పమ్మ తల ఊపింది.

బడే అబ్బా ఏమీ అనలేదు. లేచి, చేతులు వెనక్కి కట్టుకొని, గట్టు వెంట దూరంగా నడిచారు. ఆయన కుమారుని వ్యాపారం దెబ్బతిన్న సంగతి అందరికీ తెలుసు. తెచ్చిన సొమ్ము ఎప్పుడో ఖర్చయిపోయింది. మగ్రిబ్ అజాన్ వినబడేవరకు ఆయన రాలేదు. వచ్చి, నమాజుకు వరుసలో నిలబడ్డారు.

బయలుదేరేటప్పుడు గేటు బయట ఆటోలు పిలిచాము. ఫుప్పమ్మ మోకాళ్ళనొప్పులతో మెల్లగా నడుస్తూ, తన చేతిలోని ఖాళీ టిఫిన్ క్యారియరును బడే అబ్బాకు అందించి, “పట్టుకోండి భాయీజాన్, బరువుగా ఉంది” అన్నది. ఆయన అందుకొన్నారు. ఇద్దరూ ఒకే ఆటో ఎక్కి అమీర్‌పేటవైపు వెళ్ళారు. దారిలో ఏం మాట్లాడుకొన్నారో ఇంతవరకు మాకు చెప్పలేదు.